ఇందాక అంటే ఎప్పుడు?

చాలా ఏళ్ళుగా నాలో ఒక సందేహం ఉండిపోయింది. పడుచువాళ్ళకి ప్రాణం పోసే మందు, ఒక్కోసారి పెద్దవాళ్ళ ప్రాణం ఎందుకు తీస్తుంది? మందు అదే. ఇచ్చే చెయ్యి అదే. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ అందరి క్షేమం అడిగాక, చివర్లో ఈ ప్రశ్న కూడా అడుగుతాను. కోపంతో కాదు, తెలుసుకుందామని. ఆయన ఇంతవరకూ పలకలేదు. నేనూ అడగడం మానలేదు.

నా చదువు అంతంత మాత్రం. కిటికీలు బిగించడం నా పని. మెదడు గురించి నాకు నాలుగు ముక్కలు తెలుసంటే అవి ఒక అమ్మాయి చెప్పినవి. ఆ అమ్మాయితో నా పరిచయం గొడవతో మొదలైంది.

ఆ రోజు వాన నిలువుగా కురవడం మానేసి అడ్డంగా కురుస్తోంది. పెద్దాసుపత్రి వెనక ఉన్న పాత భవనంలో, పై అంతస్తులో కిటికీలు కారుతున్నాయని కబురొస్తే వెళ్ళాను. తలుపు తోసి చూద్దును కదా, గది మధ్యలో ఒక అమ్మాయి గొడుగు వేసుకుని నిలబడి ఉంది. గొడుగు ఆమెకి కాదు. బల్ల మీదున్న మైక్రోస్కోప్‌కి. ఆమె మాత్రం సగం తడిసిపోయింది.

"ఎవరు మీరు? చెప్పులతో వచ్చేస్తున్నారేంటి?"

"కిటికీల వాణ్ణి మేడమ్."

"మీరు రావాల్సింది పోయిన వారం!"

"పోయిన వారం వాన లేదు కదండీ."

"వాన వచ్చాక రావడానికి మీరెందుకు? గొడుగు చాలు."

ఆ మాటకి నవ్వొచ్చింది. నవ్వితే ఆ గొడుగు నా నెత్తిన విరిగేలా ఉందని, బుద్ధిగా కిటికీ దగ్గరికి పోయి చూశాను.

"అద్దం బాగానే ఉంది మేడమ్. ఫ్రేమూ బాగానే ఉంది. పోయింది అద్దం చుట్టూ ఉండే బీడింగ్. రబ్బరు ముసలిదైపోయింది. గట్టిపడి, బీటలిచ్చి, అద్దాన్ని వదిలేసింది."

ఆమె నన్ను వింతగా చూసింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"నా ఎలుకలకీ అదే జబ్బు," అంది.

"మీ ఎలుకలకి కిటికీలున్నాయా?"

"ఉన్నాయి. తలకాయలో."

ఈ అమ్మాయికి వాన బాగా ఎక్కిందనుకున్నాను.

ఒక్కరోజులో అయిపోయే పనిని వారం సాగదీశాను. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకీ తెలుసని నాకు ఆలస్యంగా తెలిసింది.

"బీడింగ్ గారూ," అంది ఒకరోజు. ఆ పేరు అప్పటికే స్థిరపడిపోయింది. "ఈ కిటికీ నిన్న కూడా ఇదే స్క్రూ దగ్గర ఆగింది."

"ఇది మొండి స్క్రూ అండీ."

"స్క్రూనా, మనిషా?"

టీ తాగుతూ తన పని గురించి చెప్పేది. నాలాంటి వాడికి కూడా అర్థమయ్యేలా చెప్పేది. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక గోడ ఉంటుందట. సన్నని రక్తనాళాల లోపలి కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, మెదడుకి కావలసినవే లోపలికి పంపుతాయి, అక్కర్లేనివి రానివ్వవు. వయసు మీద పడేకొద్దీ ఆ అతుకులు వదులవుతాయి. ఎక్కడైనా గడ్డ అడ్డుపడి రక్తం ఆగిపోతే, అదే పక్షవాతం, అప్పుడు ముసలి గోడ పడుచు గోడ కన్నా తొందరగా విచ్చుకుంటుంది.

"గడ్డని కరిగించే మందు లేదా?"

"ఉంది. తొందరగా ఇస్తే మనిషి లేచి కూర్చోవచ్చు. ఆలస్యమైతే, తెరుచుకున్న దారిలో రక్తం జోరుగా వచ్చి, వదులైన గోడలోంచి మెదడులోకి కారిపోవచ్చు."

"అయితే పెద్దవాళ్ళకి ఇవ్వకూడదన్నమాట."

"ఇవ్వాలి. వాళ్ళలోనూ చాలామందికి మేలే చేస్తుంది. కొందరికి చెయ్యదు. ఆ కొందరెవరో ముందే చెప్పగలమా? నా చదువంతా ఆ ఒక్క ప్రశ్నే."

"మీరు చాలా కష్టమైన ప్రశ్న పట్టుకున్నారు."

"మీరు చాలా సులువైన స్క్రూ పట్టుకున్నారు. దాన్ని తిప్పండి."

తర్వాత ఆమె అద్దెకుంటున్న గది కిటికీ కారిందని నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. నిజంగా కారిందో లేదో నేను ఇప్పటిదాకా అడగలేదు. మా ఇంట్లో ఉండేది నాన్నమ్మా నేనూ. అమ్మానాన్నలు నా చిన్నతనంలోనే పోతే, నన్ను పెంచింది ఆవిడే. నా కన్నా ముందు లేస్తుంది, నా కన్నా గట్టిగా మాట్లాడుతుంది.

"ఏం చేస్తావమ్మా నువ్వు?"

"ఎలుకల మీద పరిశోధన చేస్తాను బామ్మగారూ."

"మా వంటింట్లో కూడా ఉన్నాయి తల్లీ. ఓసారి చూసి పో."

"నాకు ముసలి ఎలుకలే కావాలండీ."

"అవి ముసలివే. నా కళ్ళ ముందే పుట్టి నా వంట తిని ముసలివైపోయాయి." అని నా వైపు తిరిగి, "ఒరేయ్, కిటికీలు మూస్తావు కానీ ఆ నోరు మూయవేంట్రా? ఈగలు పోతాయి," అంది.

నేను నిజంగానే నోరు తెరుచుకుని చూస్తున్నాను.

పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసింది. మా రెండిళ్ళ దొడ్లకీ మధ్య నడుమెత్తు గోడ, దానికో చిన్న గుమ్మం. పిన్నికి తెలియకుండా మా ఇంట్లోకి గాలి కూడా రాదు. మంచి మనిషే, కాకపోతే గొప్పలు కాస్త ఎక్కువ. ఇంట్లో దేనికీ లోటు లేదని రోజుకోసారైనా చెప్పకపోతే ఆవిడకి తిన్నది అరగదు.

"ఎవరత్తా ఆ అమ్మాయి?"

"ఎలుకలు పట్టే అమ్మాయే."

"చూస్తే ఎలుకల కోసం వచ్చినట్టు లేదు. మీ పిల్లినే చంకన పెట్టుకుపోయేటట్టుంది."

ఆమె ముఖం ఎర్రబడింది. నేను స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కున్నాను. అది నా చేతిలోనే ఉంది.

ఆమె వెళ్ళాక నాన్నమ్మ నన్ను కూర్చోబెట్టింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను నాన్నమ్మా. ఆదివారం చెప్తాను."

"ఆదివారం దాకా ఎందుకురా? ముహూర్తం చూశావా?"

"ఆ రోజు తనకి సెలవు."

ఆ ఆదివారం మాకు రాలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి నాన్నమ్మ వంటింట్లో నేల మీద పడి ఉంది. మూతి ఒక పక్కకి జారిపోయింది. కుడి చెయ్యి తనది కానట్టు పక్కన పడి ఉంది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. ఏదో చెప్పబోయింది. మాట రాలేదు, గాలి వచ్చింది.

నేను వేసిన కేకకి పిన్ని పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు వాళ్ళింటికి పిన్ని కూతురి అత్తగారు వాళ్ళు వచ్చి ఉన్నారు. వాళ్ళ కారులోనే నాన్నమ్మని ఆసుపత్రికి చేర్చాం. దారిలోనే ఎలుకల అమ్మాయికి ఫోన్ చేశాను. మేం చేరేసరికి గుమ్మంలో ఉంది, లాబ్ కోటుతోనే.

డాక్టర్ మొదట అడిగింది ఒక్కటే. "చివరిసారి బాగా ఉండగా ఎవరు చూశారు? ఎప్పుడు?"

నేను పొద్దున్నే పనికి పోయినవాణ్ణి. పిన్ని ముందుకొచ్చింది.

"నేను చూశానండీ. ఇందాకే! బాగానే ఉంది. నాతో నవ్వుతూ మాట్లాడింది."

"ఇందాక అంటే ఎప్పుడు?"

"ఇందాక అంటే ఇందాకే బాబూ. ఇంకెలా చెప్పను?"

ఆమె పిన్ని చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, కంగారు పడకండి. గంటలోపేనా?"

పిన్ని తల ఊపింది. ఆమె డాక్టర్ వైపు తిరిగి, "గంటలోపే," అంది. డాక్టర్ అలాగే రాసుకున్నాడు.

తలకి స్కానింగ్ చేశారు. రక్తం కారలేదు, గడ్డే అడ్డుపడిందన్నారు. డాక్టర్ నన్ను పక్కకి పిలిచి, "తొందరగా తెచ్చారు. గడ్డ కరిగే మందు ఇవ్వొచ్చు. వయసెక్కువ కాబట్టి రక్తం కారే ప్రమాదం కొంత ఉంది. ఇవ్వమంటారా?" అన్నాడు.

నేను ఆమె వైపు చూశాను. "మీ బామ్మ అయితే ఏం చేస్తారు?"

ఆమె పెదవి కొరుక్కుంది. ఆ గోడలన్నీ ఆమె కళ్ళ ముందు కనిపించి ఉంటాయి, పడుచువీ ముసలివీ. "ఇప్పిస్తాను," అంది.

ఇప్పించాను.

కాసేపటికి నాన్నమ్మ కుడి చేతి వేళ్ళు కదిలాయి. నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నేను ఏడ్చాను, మంచం అవతల ఆమె నవ్వింది, నర్సు మమ్మల్నిద్దర్నీ కసురుకుంది. మనిషికి సంతోషం ఎంత చిన్న కొలతలో అయినా సరిపోతుంది. సాయంత్రానికి నాన్నమ్మ తల పట్టుకుంది. వాంతి చేసుకుంది. తర్వాత పిలిస్తే పలకలేదు. మళ్ళీ స్కానింగ్ చేస్తే మెదడులోకి రక్తం కారిందన్నారు.

మర్నాడు డాక్టర్ మమ్మల్ని వరండాలో కలిశాడు. "మరోసారి గుర్తు తెచ్చుకోండి. ఆవిణ్ణి బాగా ఉండగా చూసింది సరిగ్గా ఎప్పుడు?"

పిన్ని నోరు తెరిచేలోగా పక్కనున్న వియ్యపురాలు అందుకుంది. "అదేంటి వదినగారూ, మేం వచ్చిన దగ్గర్నుంచీ మీరు మా దగ్గరే ఉన్నారు కదా? వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళారు?"

పిన్ని ముఖం పాలిపోయింది. "అవునవును... మీరు రాకముందే. పొద్దున్నే. గోడ మీంచి మాట్లాడాను."

"మరి నిన్న ఇందాకే అన్నారు కదా ఆంటీ?" అంది ఆమె.

"కంగారులో అన్నానమ్మా. పొద్దున్న కూడా ఇందాకే కదా."

పొద్దున్నే అయితే మందు ఇచ్చే నాలుగున్నర గంటల గడువు ఎప్పుడో దాటిపోయినట్టు. డాక్టర్ తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆమె బెంచీ మీద కూలబడింది.

"గంటలోపే అని చెప్పింది నేను."

"పిన్ని తల ఊపింది కదా."

"ఊపితే? మా అమ్మ నిన్నటిని కూడా ఇందాక అంటుంది. ఆ మాటకి కొలత లేదని నాకు తెలుసు. తెలిసి కూడా ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు. గోడ వదులైందని తెలుసు, గడువు దాటితే ఏమవుతుందో తెలుసు. ఇంత తెలిసిన మనిషి ఆ పక్కన ఉండకపోయినా బాగుండేది."

మీ తప్పు కాదు అనాలి నేను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. దాని వెంటే సందేహం కూడా వచ్చి, రెండూ అక్కడే ఇరుక్కున్నాయి. ఆమె నా ముఖం చూసింది. చూసి లేచి వెళ్ళిపోయింది.

నాన్నమ్మ ఒక్క మాటయినా మాట్లాడకుండానే పోయింది.

తర్వాత ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. పాత భవనానికి పోతే లాబ్ వేరే చోటికి మారిందన్నారు. నేను బిగించిన కిటికీలు మాత్రం చుక్క నీరు కారకుండా ఉన్నాయి. వాటిని చూసి వెనక్కి వచ్చేశాను.

ఇల్లు పెద్దదైపోయింది. ఒక్కడికి వండుకోవడం అలవాటు లేక రోజూ మిగిలేది. పిన్ని గోడ మీంచి తొంగి చూడటం మానేసింది. దొడ్లో ఎదురుపడితే తల తిప్పుకుని లోపలికి పోయేది. తన కంగారు వల్ల ఇంత జరిగిందని బాధపడుతోంది కాబోలు అనుకుని నేనూ కదపలేదు. ఏళ్ళు గడిచాయి. పొద్దున్నే దేవుణ్ణి అడగడం, వానలో కిటికీలు బిగించడం, అన్నం మిగలడం. దేవుడు ఇంత నేర్పుగా గోడ కట్టి, అది పాతబడితే మార్చుకోవడానికి ఇంకో రబ్బరు ఎందుకు పెట్టలేదు? ఒక్కోరోజు ఆ ప్రశ్న అడిగాక మంచం దిగాలనిపించేది కాదు.

మొన్న వానాకాలంలో, పనికి బయల్దేరబోతుంటే తలుపు చప్పుడైంది.

ఆమె. తడిసిపోయి ఉంది. చెప్పులు విడిచి గడప బయటే నిలబడింది. కణతల దగ్గర ఒకటి రెండు తెల్లవెంట్రుకలు.

"లోపలికి రండి."

"వద్దు, చెప్పి వెళ్ళిపోతాను. ఇక్కడ నా పని అయిపోయింది. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. రేపు ప్రయాణం."

"గొడుగు ఏది?"

"మైక్రోస్కోప్‌కి ఇచ్చేశాను."

ఇద్దరం నవ్వబోయాం. ఇద్దరికీ కుదరలేదు.

మళ్ళీ రమ్మంటే ఈసారి కాదనలేదు. వంటింట్లోకి వచ్చి ముక్కాలి పీట మీద కూర్చుంది. దొడ్డి తలుపు తీసే ఉంది. వాన చూస్తూ మాట్లాడింది.

"ముసలి ఎలుకల లెక్క తేలింది. మందు సరైన టైమ్‌కి ఇచ్చినా, కొన్నిట్లో రక్తం కారింది. టైమ్‌కి ఇచ్చినా! గోడ ముందే అంత వదులైపోయింది."

"అయితే అది మీ తప్పు కాదు కదా."

"ఎలుకకి గడ్డ పెట్టింది నేనే, గడియారం చూసి మరీ పెట్టాను. దాని సంగతి నాకు తెలుసు. బామ్మగారి సంగతి తెలీదు. వయసు వల్ల పోయారా, నేను గడువు దాటాక ఇప్పించడం వల్ల పోయారా? ఎన్ని ఎలుకల్ని చూసినా అది మాత్రం తేలదు."

"నాకు మీ మీద కోపం లేదు."

"తెలుసు. సందేహం ఉంది."

అబద్ధం ఆడలేకపోయాను. "ఉంది. ఆ మందు ఆవిడ ప్రాణం ఎందుకు తీసిందని రోజూ పొద్దున్నే దేవుణ్ణి కూడా అడుగుతున్నాను. కానీ మీరంటే ఇష్టం కూడా ఉంది. ఆదివారం చెప్దామనుకున్నాను."

"ఏ ఆదివారం?"

"అప్పటి ఆదివారం."

"ఆదివారం దాకా ఆగకుండా చెప్పేసి ఉంటే బాగుండేది. కాదనేదాన్ని కాదు. ఇప్పుడెలా? మీరు రోజూ పొద్దున్నే దేవుణ్ణి ఆ ప్రశ్న అడుగుతుంటే, నేను పక్క గదిలో కాఫీ కలుపుకుంటూ ఉండాలి. ఆ ప్రశ్నకి జవాబు నేనేనేమో అనుకుంటూ. ఎన్నాళ్ళు ఉండగలను? మీరెన్నాళ్ళు చూడగలరు?"

ఆమె లేచింది. చీర కుచ్చిళ్ళ నీళ్ళు పిండుకుంది. ఇక వెళ్ళిపోతుందని అర్థమైంది.

"ఆగమ్మా."

దొడ్డి గుమ్మంలో పిన్ని. వానలో తడుస్తూ నిలబడి ఉంది. కొంగు చాటున ఏదో దాచిపెట్టుకుంది.

"వినాలని వినలేదు. వాన పడ్డా మీ మాటలు మా వంటింట్లోకి వినిపిస్తాయి. నేను అత్తని చూసింది పొద్దున్నే కాదు."

ఆవిడ అక్కడి నుంచే చెప్పింది.

"వియ్యపురాలు రెండోసారి కాఫీ అడిగింది. పాలు పొయ్యి మీద పెట్టి చూస్తే డబ్బాలో పంచదార పలుకు లేదు. ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయని అంతకు ముందే ఆవిడకి చెప్పి ఉన్నాను. పాలు చూసొస్తానని లేచి, ఈ గుమ్మంలోంచి వచ్చాను. అత్త ఇక్కడే, ఈ పీట మీదే కూర్చుని ఉంది. గ్లాసుడు పంచదార పోసిచ్చింది. 'వాళ్ళు వెళ్ళగానే తెచ్చిస్తానత్తా' అన్నాను. 'తొందరేముందే, వచ్చే జన్మలో ఇద్దువులే' అని నవ్వింది. నేను పోయి కాఫీ కలిపాను. వాళ్ళు తాగి కప్పులు కింద పెట్టారో లేదో, నువ్వు కేక వేశావు."

"అంటే..." అంది ఆమె.

"నిజంగా ఇందాకేనమ్మా. నేను తల ఊపింది నిజమే. మర్నాడు ఆవిడ అందరి ముందూ ఎప్పుడు వెళ్ళావని అడిగేసరికి, పంచదారకి వెళ్ళానని చెప్పలేక పొద్దున్నే అనేశాను. అన్నదానికి కట్టుబడిపోయాను. ఇంత అవుతుందని నాకేం తెలుసు? మీరిద్దరూ ఇలా..."

మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

నాకు కోపం రావాలి. లోపలంతా వెతికాను. దొరకలేదు. గంటలోపే. డాక్టర్ సరిగ్గానే ఇచ్చాడు, ఆమె సరిగ్గానే చెప్పింది, నేను సరిగ్గానే అడిగాను. అందరూ సరిగ్గానే చేసినా నాన్నమ్మ పోయింది. నిందించడానికి ఒక్క మనిషి కూడా మిగల్లేదు. ఉన్నదల్లా పాతబడిన గోడ. దాన్ని కట్టినవాణ్ణి అడగాల్సిన ప్రశ్న అలాగే ఉంది, అడుగుతూనే ఉంటాను. కానీ ఆ ప్రశ్నకి ఎదురుగా ఇప్పుడు ఆమె నిలబడి లేదు. నా పక్కన నిలబడి ఉంది.

ఆమె ఏడుస్తోంది. పీట మీద మళ్ళీ కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, ఇన్నేళ్ళది ఒక్కసారిగా ఏడుస్తోంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

"ప్రయాణం రేపేనా?" అన్నాను.

"టికెట్ రేపటిదే," అంది, ముక్కు తుడుచుకుంటూ. "మనిషి సంగతి చూడాలి."

పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రావాలో వెళ్ళాలో తెలియనట్టు. కొంగు చాటు నుంచి చెయ్యి తీసింది. నాన్నమ్మ స్టీలు గ్లాసు. అంచు దాకా పంచదార. తడవకుండా పైన అరచేత్తో మూసిపెట్టి తెచ్చింది.

"ఎన్నిసార్లు పోసుకుని గుమ్మం దాకా వచ్చానో," అంది. "ఎవరికివ్వను?"

నేను లేచేలోపు ఆమె లేచింది. కళ్ళు తుడుచుకుని ఎదురెళ్ళింది. ఎప్పుడూ ఆంటీ అని పిలిచేది.

"ఇటివ్వండి పిన్నీ," అంది. గ్లాసు అందుకుని, అలమరలో నాన్నమ్మ డబ్బా వెతికి మూత తీసి, పంచదార అందులో ఒంపింది. అడుగున అంటుకున్న పలుకులు కూడా రాలేలా, గ్లాసు బోర్లించి రెండుసార్లు తట్టింది.